నాలుగో అంతస్తు దుమ్ము

ఫిట్టరు ఇల్లు నాలుగో అంతస్తులో. డ్యూటీ దిగి వచ్చి, అన్నం డబ్బా చంకన పెట్టుకుని, గేటు దగ్గర నిలబడి మెట్ల వంక చూసేటప్పుడు అతని మొహం పళ్ల డాక్టరు గది ముందు కూర్చున్నవాడి మొహంలా ఉండేది. మొదటి అంతస్తు దాకా మోకాలు సణుగుతుంది. రెండో అంతస్తులో గొంతు పెంచుతుంది. మూడో అంతస్తు మలుపులో, గోడ పెచ్చు ఊడి ఇటుకలు కనబడేచోట, ఇక తిట్లే. అక్కడ ఆగేవాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే చెప్పులో రాయి పడ్డట్టు వంగి కాలు దులుపుకునేవాడు. ఇన్నేళ్లుగా ఆ ఒక్క మలుపులోనే ఇతని చెప్పులో ఇన్ని రాళ్లెలా పడుతున్నాయని ఎవరూ అడగలేదు.

ఇరవై ఆరేళ్లుగా కార్ఖానా పంపు గదిలో ఇనప నేల మీద మోకాలు మోపి బోల్టులు బిగిస్తున్న మనిషి. మాట బొత్తిగా తక్కువ. రోజంతా అతను మాట్లాడే మాటలన్నీ ఒక అగ్గిపెట్టెలో పట్టేస్తాయని తోటివాళ్లు నవ్వేవాళ్లు. ఆ లోటు పెళ్లాం తీర్చేది.

ఆమెని ఆ మెట్ల మీది ఇళ్లవాళ్లందరూ చిట్కాలక్క అని పిలిచేవాళ్లు. కప్పుకి టీ మరక పట్టిందా, తడి ఉప్పుతో రుద్దు. చొక్కా మీద నూనె చుక్క పడిందా, నీళ్లు తగలనివ్వకు, సుద్దముక్క పొడిచేసి చల్లి గంటసేపు దాని మొహం చూడకు, నూనెని సుద్దే తాగేస్తుంది. కుళాయికి తెల్లగా పొలుసు కట్టిందా, నిమ్మచెక్క బోర్లించి గుడ్డతో కట్టెయ్. ఊడ్చేముందు వాడేసిన టీ ఆకు చెమ్మచెమ్మగా నేల మీద చల్లు, దుమ్ము లేచి నీ ముక్కులోకి రాదు. ఇలా ఆమె నోట్లోంచి చిట్కా వచ్చేది, వెనకే అది ఎవరింట్లో ఎలా పనిచేసిందో ఆ కథా వచ్చేది. పొద్దున్న పదింటికి ఆమె గుమ్మంలో ఎవరో ఒకరు మాడిన గిన్నో, మరకపడ్డ దుప్పటో పట్టుకుని నిలబడి ఉండేవాళ్లు.

ఫిట్టరు ఓ సంగతి ఎప్పుడో కనిపెట్టాడు. నిమ్మకాయ అయినా, వంటసోడా అయినా, ఉప్పయినా ఆమె రుద్దే రుద్దు ఒక్కటే. పేరు నిమ్మకాయది, పని మోచేతిది. ఈ మాట అతను పైకి అనలేదు. అంటే ఆ రోజుకి అగ్గిపెట్టె నిండిపోతుంది.

ఇలా ఉండగా కింది అంతస్తులో కాపలాదారు ఇల్లు ఖాళీ అయింది. కార్ఖానావాళ్లు కట్టిచ్చిన ఇళ్లు కాబట్టి ఎవరికి ఏది ఇవ్వాలో కార్ఖానావాళ్లదే ఇష్టం. మెట్లెక్కలేనివాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఇళ్ల ఆఫీసరు స్వయంగా వచ్చి చూసి తేలుస్తారని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఆ మెట్ల మీద దరఖాస్తులు రెండే పడ్డాయి. ఒకటి ఫిట్టరు మోకాలిది. రెండోది మూడో అంతస్తు స్టోర్ కీపరు నడుముది.

"ఆయన వచ్చి చూసేదేంటండీ, మీ మోకాలా?" అంది చిట్కాలక్క. "మోకాలి లోపలేముందో ఆయన కంటికేం కనబడుతుంది? కనబడేది ఇల్లు. మనమిల్లు ఎంత బాగా పెట్టుకున్నామో చూస్తాడు. వీళ్లకి ఏ ఇల్లిచ్చినా పాడుచెయ్యరు అనుకుంటాడు. రాసిచ్చేస్తాడు."

"ఊఁ" అన్నాడు ఫిట్టరు.

"ఊఁ కాదు. రేపట్నించి సెలవు పెట్టండి."

ఆ వారం రోజులూ ఆ ఇంట్లో మనుషులు కాపురం చెయ్యలేదు, గుడ్డలూ చీపుళ్లూ చేశాయి. మొదట గోడ మీద, మంచం తలాపి దగ్గర, తల ఆన్చిన జిడ్డు మరక ఒకటి కనబడింది. అరచేతంత. ఆమె తడిగుడ్డ మీద వంటసోడా అద్దుకుని దాన్ని రుద్దింది. మరక పోయింది. పోయినచోట అరచేతంత తెలుపు బయటపడింది. ఇప్పుడు మిగతా గోడంతా మరకలా కనబడటం మొదలెట్టింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసి, కొంగు బిగించి, గోడంతా రుద్దింది. అప్పుడు పక్క గోడ మాసినట్టు తోచింది. నాలుగు గోడలూ అయ్యేసరికి పైకప్పు మసిబారి ఉన్న సంగతి తెలిసింది. ఇన్నేళ్లూ హాయిగా ఉన్న గది, ఒక్క మరక తీసినందుకు మొత్తం మురికిదైపోయింది.

ఆమె పొట్టి. ఫిట్టరు పొడుగు. అందుకని పైపనులన్నీ అతనికి వచ్చాయి. స్టూలు వేసి, దాని మీద నిలబెట్టి, చేతికి పాత దిండు గలీబు ఇచ్చింది.

"ఫ్యాను రెక్కకి గలీబు తొడిగి ఇవతలికి లాగండి. దులపకండి. దులిపితే దుమ్మంతా మంచం మీదకొస్తుంది. అలా లాగితే గలీబులోనే పడుతుంది."

"ఊఁ."

"మోకాలు నొప్పిగా ఉందా?"

"ఊఁ."

"ఇంకొక్క రెక్కే. కిందింటికి పోయాక ఈ జన్మలో మీరు మెట్టెక్కే పనుండదు."

ఆ మాటలో తప్పు పట్టడానికి అతనికేం దొరకలేదు. మోకాలి కోసం ఇల్లు. ఇంటి కోసం ఫ్యాను. ఫ్యాను కోసం మోకాలు. బుధవారం సాయంత్రానికి తలుపుల పైచట్రాలు, వెంటిలేటరు ఊచలు, అటక అన్నీ తళతళలాడాయి. మోకాలు రొట్టెలా పొంగింది.

గురువారం పదింటికి ఆఫీసరు వచ్చాడు. సన్నటి మనిషి, ముక్కు చివర కళ్లజోడు, చంకలో ఫైలు. నాలుగంతస్తులు ఎక్కిన ఆయాసంలో కూడా ఎక్కడా చెయ్యి ఆన్చలేదు. ఫిట్టరు ప్యాంటు కాలు పైకి మడిచి వాపు చూపించబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దండీ. వాపులూ డాక్టరు చీటీలూ అందరూ చూపిస్తారు. నేను చూసేది ఇల్లు. మనిషి అబద్ధం ఆడొచ్చు గానీ ఇల్లు ఆడదు."

చిట్కాలక్క మొహం వెలిగిపోయింది. చూశారా అన్నట్టు మొగుడి వంక చూసింది.

ఆఫీసరు గది మధ్యలో నిలబడి తల పైకెత్తాడు. "ఫ్యాను కొత్తదా?"

"ఎక్కడి కొత్త సార్! పదేళ్లది. తుడిచాం."

"ఎవరు తుడిచారు? మీరా?"

"నాకెక్కడందుతుంది సార్! మావారే."

ఆయన తలుపు దగ్గరికి వెళ్లి పైచట్రం మీద వేలితో గీశాడు. వేలు చూసుకున్నాడు. "ఇది?"

"అదీ ఆయనే. ఆ వెంటిలేటరూ ఆయనే. ఆ అటక చూడండి సార్, అదీ ఆయన చేతి చలవే. పనంటే మా ఆయనకి బద్ధకం లేదు."

"ఎలా తుడిచారు?" అని ఆఫీసరు ఈసారి ఫిట్టరునే అడిగాడు.

"స్టూలెక్కి" అన్నాడు ఫిట్టరు. అతనికి అబద్ధం చెప్పడం రాదు. అబద్ధానికి మాటలు ఎక్కువ కావాలి.

ఆఫీసరు ఫైలు తెరిచి చిన్నగా ఏదో రాసుకుని, మర్యాదగా తలవంచి, దిగి వెళ్లిపోయాడు. ఏం జరిగిందో ఆయన మూడో అంతస్తుకి చేరేలోపే ఫిట్టరుకి అర్థమైంది. చిట్కాలక్కకి సోమవారం బోర్డు మీద కాగితం చూశాక అర్థమైంది.

ఇల్లు స్టోర్ కీపరుకి వచ్చింది. వాళ్లింట్లో ఆఫీసరు కూర్చోవడానికి కుర్చీ మీది బట్టల కుప్ప పక్కకి తొయ్యాల్సి వచ్చిందట. తొయ్యబోతే దాని కింద ఇంకో కుప్ప ఉందట. సాలెగూడు ఒకటి ఆయన కళ్లజోడుకి చుట్టుకుందట.

"ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయక్కా" అని స్టోర్ కీపరు పెళ్లాం పైకి వచ్చి మరీ చెప్పింది. చక్కటి పిల్లే, మనసు మంచిది, చీపురంటేనే పడదు. "వంగలేని మొగుడు, చెయ్యలేని ఆడది, పాపం అన్నాడు. నేనెప్పుడన్నాను చెయ్యలేనని? చెయ్యనంతే. నువ్వెన్ని చెప్పావక్కా నాకు! ఒక్కటైనా చేసి ఉంటే ఇల్లు పోయేది."

ఆ రాత్రి నుంచీ చిట్కాలక్క మొగుడి మోకాలికి వేడినీళ్ల గుడ్డ పెట్టేది, మాట్లాడేది కాదు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడకపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఫిట్టరుకి అప్పుడే తెలిసింది. అతనికి అది నచ్చలేదు.

నాలుగు నెలలకి కింద ఇంకో ఇల్లు ఖాళీ అయింది. టైపిస్టు ఒకావిడది, బదిలీ మీద వెళ్లింది. బోర్డు మీద అదే కాగితం, కింద తేదీ మారింది అంతే. ఆ సాయంత్రం ఫిట్టరు అన్నం ముందు కూర్చుంటే చిట్కాలక్క గొంతు తగ్గించి అంది.

"ఏమండీ, ఈసారి ఇల్లు మాపుదాం."

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "ఎవరు?" అన్నాడు. ముద్ద కంచంలో పెట్టేసి, "నువ్వా?" అన్నాడు.

"ఏం, నాకు చేతకాదా?"

చేతకాలేదు. చెత్తచేటలో దుమ్ము పారబొయ్యకుండా దాచి, జల్లెడతో నేల మీద చల్లింది. ఫిట్టరు వచ్చి చూసి, "పౌడరు రాసినట్టుంది" అన్నాడు. మెట్ల కింద నుంచి కర్ర చివర సాలెగూడు చుట్టుకొచ్చి మూలన అంటించింది. గాలికి ఊడి ఆమె తల మీదే పడింది. చివరికి ఫిట్టరే పంపు గది గ్రీజు వేళ్లకి రాసుకొచ్చి, తలుపు పక్కన గోడ మీద అయిదు వేళ్లూ పడేలా అద్దాడు. ఆ పని అతనికి ఎందుకో సంతోషంగా కూడా అనిపించింది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే గోడ పాలలా ఉంది.

"నేను చెయ్యలేదండీ" అంది ఆమె, చేతిలో సుద్దముక్కతో. "చెయ్యి దానంతటదే వెళ్లింది."

ఇక ఒక్కటే దారి మిగిలింది. ఆమె పన్నెండు రోజులు చెల్లెలింటికి వెళ్లడం. ఆఫీసరు వచ్చే గురువారం పొద్దున్న బస్సుకి తిరిగి రావడం. బయల్దేరేముందు గుమ్మంలో సంచీ పట్టుకుని మొగుడికి అప్పగింతలు పెట్టింది.

"కప్పు కడక్కండి. కడిగినా ఉప్పు ముట్టుకోకండి. పాలు పొంగితే పొంగనివ్వండి. ఎవరైనా వస్తే తలుపు సగమే తెరవండి. నా పరువు మీ చేతుల్లో పెట్టి పోతున్నా." కళ్లు తుడుచుకుంది. ఆ గుడ్డతోనే తలుపు గడియ కూడా తుడిచి, నాలిక్కరుచుకుని వెళ్లిపోయింది.

మురికి ఎలా వస్తుందో ఫిట్టరు ఎప్పుడూ చూడలేదు. రానిస్తే కదా చూడటానికి. దానికీ ఓ పద్ధతి ఉంది. ముందు మంచం కింద మొదలవుతుంది. అక్కడ దారప్పోగులూ వెంట్రుకలూ ఒకదాన్నొకటి వెతుక్కుని చిన్న చిన్న ఉండలవుతాయి. తలుపు తీస్తే కదులుతాయి, వేస్తే ఆగుతాయి. మూడో రోజుకి బల్ల మీద గ్లాసు పెట్టినచోటల్లా ఒక వలయం. అయిదో రోజుకి వలయాలు ఒకదాని మీదొకటి ఎక్కి గొలుసవుతాయి. మనిషి రోజూ నడిచే దారి నేల మీద సన్నటి కాలిబాటలా నిగనిగలాడుతుంది, దానికి అటూ ఇటూ బూడిదరంగు. స్టవ్వు మీద పొంగిన పాలు మొదట పసుపు, తర్వాత గోధుమ, ఆపైన నలుపు. ఎనిమిదో రోజున పైకప్పు మూల నుంచి ఒక సాలీడు, ఎవరూ పిలవకుండానే, దారం పట్టుకుని దిగింది. అది పని మొదలుపెట్టి పూర్తిచేసేదాకా ఫిట్టరు మంచం మీద కూర్చుని చూశాడు. చెయ్యి తిరిగిన పనిమంతురాలు. ఒక్క ముడి వదులు లేదు.

పదకొండో రోజున, బుధవారం, స్టోర్ కీపరు పెళ్లాం బెల్లం డబ్బాకి చీమలు పట్టాయని, చిట్కా కోసం పైకెక్కి వచ్చింది. చిట్కాలక్క ఊళ్లో లేదన్న సంగతి ఆమెకి తెలీదు. ఫిట్టరు తలుపు సగమే తెరిచాడు. ఆమె సగంలోంచే మొత్తం చూసేసింది.

"బావగారూ! ఇదేంటి?"

"ఊఁ."

"అక్కేది?"

"చెల్లెలింటికి."

"ఎప్పుడొస్తుంది?"

"రేపు."

"రేపు ఆఫీసరు కూడా వస్తున్నాడు కదా!" అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. ఒక్క ఉదుటున దిగిపోయింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు అంత వేగంగా అంతకుముందెప్పుడూ ఎవరూ విని ఉండరు.

గురువారం ఎనిమిదింటికి తలుపు కొట్టారు. తెరిస్తే అయిదుగురు ఆడవాళ్లు. చేతుల్లో చీపుళ్లు, బకెట్లు, నిమ్మచెక్కలు, సోడా పొట్లాలు.

"మీరలా మంచం మీద కూర్చోండి బావగారూ" అంది స్టోర్ కీపరు పెళ్లాం. "గంటలో అద్దం చేసేస్తాం."

ఫిట్టరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "వద్దమ్మా" అన్నాడు.

"మొహమాటపడకండి."

"ఉండనివ్వండి."

"ఉండనిస్తే అక్క తల ఎక్కడ పెట్టుకుంటుంది? ఈ మెట్ల మీద అందరం ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లమే. ఇవాళ ఆవిడిల్లే ఇలా ఉంటే ఆ ఆఫీసరేమనుకుంటాడు?"

ఏం చెప్పాలి? అసలు సంగతి అయిదుగురు ఆడవాళ్ల చెవిన వేస్తే బోర్డు మీద అంటించినట్టే. చెప్పకపోతే ఇల్లు పోతుంది. అతనికి అలవాటైంది ఒకటే పని, అదే చేశాడు. నోరు మూసుకుని, కాలు చాపుకుని, మంచం మీద కూర్చున్నాడు. కళ్లముందే పన్నెండు రోజుల కష్టం బకెట్లలోకి దిగుతోంది. సాలెగూడుకి చీపురు తగిలినప్పుడు మాత్రం మొహం తిప్పేసుకున్నాడు.

"టీ ఆకు చల్లావా?"

"చల్లానే. అక్క చెప్పినట్టే, చెమ్మగా."

"ఆ సోడా అంత పోస్తావేంటే, ఇంటికి సున్నం వేస్తావా?"

"నాకేం తెలుసు! ఏం చెయ్యాలో చెప్పింది గానీ ఎంత పొయ్యాలో నేను వినలేదు" అంది స్టోర్ కీపరు పెళ్లాం. దుమ్ముకి మొహమంతా కొంగు చుట్టుకుని, ఆమె జీవితంలో మొదటిసారి స్టూలెక్కి, ఫ్యానుకి గలీబు తొడుగుతోంది. అది గలీబు కూడా కాదు, ఫిట్టరు చొక్కా.

ఆఫీసరు పదింటికి రావాల్సినవాడు తొమ్మిదిన్నరకే వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు. నేల మీద ఇద్దరు, గోడ దగ్గర ఇద్దరు, గాల్లో ఒకరు. మధ్యలో మంచం మీద ఇంటాయన, కాలు చాపుకుని, పోయినవాళ్లని తలుచుకుంటున్నట్టు.

"ఏం జరుగుతోందిక్కడ?"

"ఏం లేదు సార్. ఇల్లు తుడుస్తున్నాం."

"మీరెందుకు తుడుస్తున్నారు?"

"ఇంకెవరు తుడుస్తారు సార్!" స్టూలు మీద నుంచి స్టోర్ కీపరు పెళ్లాం అందుకుంది. "ఆయన మోకాలు చూడండి, లేవగలడా? మా అక్క ఊళ్లో లేదు. పోన్లే పాపం అని నేనే అందర్నీ పోగేశాను."

ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని పైకి చూశాడు. ఫ్యాను చూశాడు. చొక్కా చూశాడు. ఆయన మొహంలో ఏదో చిక్కుముడి విడిపోయినట్టు కనబడింది.

"పోయినసారి నేనొచ్చినప్పుడు కూడా మీరేనా?"

ఆమెకి అది మెచ్చుకోలులా వినిపించింది. ఇంతమందిలో, ఇంత ఎత్తు మీద, ఒక ఆఫీసరు పనిని మెచ్చుకోవడం ఆమెకి ఎప్పుడూ జరగలేదు.

"మేమే సార్" అంది. "ఎప్పుడూ మేమే."

మిగతా నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయినా తలూపారు. మెప్పు ఎవరికి చేదు!

ఆఫీసరు మంచం దగ్గరికి వచ్చి ఫిట్టరు భుజం మీద చెయ్యి వేశాడు. "స్టూలెక్కి మీరే తుడిచానన్నారే పోయినసారి! పరువు కోసం అన్నారన్నమాట. మీ ఆవిడ కూడా ఎంత గట్టిగా చెప్పిందీ! నేనే పొరపాటు పడ్డాను. ఈసారి కిందిల్లు మీకే రాస్తున్నాను."

ఫిట్టరు నోరు తెరవబోయాడు. తెరవలేదు. మాట తక్కువైనందుకు అతనికి జన్మలో మొదటిసారి కలిసొచ్చింది.

పదిన్నరకి చిట్కాలక్క బస్సు దిగి, మెట్లెక్కి, గుమ్మంలో నిలబడింది. అందరూ వెళ్లిపోయారు. ఇల్లు శుభ్రంగా ఉంది. నేల మీద తుడవగా ఎండిన సోడా తెల్లటి చారలు మాత్రం కిటికీ దాకా సాగి ఉన్నాయి. ఆమె సంచీ జారి కింద పడింది.

"అయిపోయిందా? పోయిందా ఇల్లు?"

"వచ్చింది."

"శుభ్రంగా ఉంటే ఎలా వచ్చింది?"

అది చెప్పడానికి అగ్గిపెట్టె చాలదు. అయినా ఫిట్టరు చెప్పాడు, గుక్క తిప్పుకుంటూ, అంతా. ఆమె వింటూ వింటూ మంచం అంచున కూర్చుంది. కింది ఇల్లు వచ్చినందుకు ముందు నవ్వింది. 'ఎప్పుడూ మేమే' దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగింది.

"అదా? ఆ పిల్లా? ఎప్పుడూ అదేనటా?"

"ఊఁ."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

ఆమె లేచి, గుడ్డ తడిపి, చారలు తుడవడం మొదలుపెట్టింది. ఆ మోచెయ్యి ఆ రోజు తిరిగినంత గట్టిగా ఎప్పుడూ తిరగలేదు.

మరుసటి వారం సంతకాలకి రమ్మని కబురొచ్చింది. ఇళ్ల ఆఫీసు ఒక పొడుగాటి గది. మూడు వైపులా బీరువాలు, వాటి మీద దారంతో కట్టిన ఫైళ్లు, ఫైళ్ల మీద దుమ్ము. చిట్కాలక్క ఒళ్లో ఒక చేత్తో రెండో చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఆఫీసరు ఒక కాగితం ముందుకి జరిపాడు.

"చదువుకుని సంతకాలు పెట్టండి. ఒక నకలు బోర్డు మీద పెడతాం. ఎందుకిచ్చామో అందరికీ తెలియాలిగా."

ఆమె చదివింది. 'ఇంటిని శుభ్రముగా ఉంచుకొనగల శక్తి లేక, ఇరుగుపొరుగు వారి దయపై ఆధారపడిన కుటుంబము. పై విషయము నిజమని ఒప్పుకొనుచున్నాము.'

ఆమె ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదవడం ఫిట్టరు చూశాడు. ఆమె మెడ మీద నరం ఒకటి లేచి నిలబడింది. ఇంటికెళ్లిపోదాం అని అందామనుకున్నాడు. నాలుగంతస్తులేం కొత్త కాదు, ఎక్కుతూనే ఉన్నాం అందామనుకున్నాడు. ఆ మాటలు పేర్చుకునేలోపే ఆమె అతని మోకాలి వంక ఒకసారి చూసి, కలం తీసుకుని, గట్టిగా నొక్కి సంతకం పెట్టేసింది. కింద కాగితానికి కూడా అచ్చు పడేంత గట్టిగా. అతనూ పెట్టాడు.

ఆఫీసరు రబ్బరు ముద్ర తీసి సిరా అద్దాడు. ఎత్తిన చెయ్యి గాల్లో ఆపి, తండ్రిలాంటి గొంతుతో అన్నాడు.

"కొత్తింట్లోనైనా కాస్త శుభ్రత అలవాటు చేసుకోండమ్మా. పెద్ద కష్టమేం కాదు. మా ఇంట్లో బాత్రూముకి మా ఆవిడ బ్లీచింగూ వెనిగరూ కలిపి కొడుతుంది. తళతళలాడిపోతుంది. కాస్త ఘాటు, అంతే. తలుపేసుకుని కడిగి, రెండు రోజులు దగ్గుతుంది."

చిట్కాలక్క ముందుకి జరిగింది. ఆ రెండూ దగ్గరదగ్గర కూడా పెట్టొద్దని మెట్ల మీద ఆడవాళ్లందరికీ ఆమె ఎన్నిసార్లు చెప్పిందో ఫిట్టరుకి తెలుసు. ముద్ర ఇంకా గాల్లోనే ఉంది. శుభ్రం చేసుకోవడం చేతకాదని ఇప్పుడే ఒప్పుకున్న ఆడది. నోరు తెరిస్తే ఆ కాగితం ఏమవుతుందో! తెరవకపోతే ఎవరో ముక్కూమొహం తెలీని ఆడమనిషి తలుపేసుకుని కూర్చుని...

"సార్" అంది. "ఆ రెండూ కలపకూడదు సార్."

ఆఫీసరు కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఎందుకు?"

"విషపు గాలి పుడుతుంది. మూసిన గదిలో అయితే మనిషి పడిపోతుంది. బ్లీచింగు అయితే బ్లీచింగు ఒక్కటే, నీళ్లలో. కిటికీ తెరిచి. వెనిగరు దాని పక్కకి కూడా రాకూడదు."

"మీకెలా తెలుసు?"

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఫిట్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"మా మెట్ల మీద ఒకావిడ ఉంది సార్" అంది ఆమె నెమ్మదిగా. "చిట్కాలక్క అంటారు. ఆవిడ చెబుతుంటే విన్నాను."

ఆఫీసరు ముద్ర పక్కన పెట్టి, కాగితం ముక్క తీసుకుని, బ్లీచింగు వేరు, వెనిగరు వేరు అని రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"ఇంత తెలిసినావిడ పక్కనే ఉండగా, మీరు నాలుగు ముక్కలు నేర్చుకోలేకపోయారా అమ్మా?"

"బుద్ధి లేక సార్."

"మా ఆవిడని ఓసారి పంపిస్తాను ఆవిడ దగ్గరికి. ఎక్కడుంటారు?"

"నాలుగో అంతస్తులో ఉండేది సార్" అంది చిట్కాలక్క. "ఖాళీ చేసి వెళ్లిపోతోంది."

"అయ్యో. మంచివాళ్లెవరూ నిలవరమ్మా మన ఇళ్లల్లో" అంటూ ఆఫీసరు ముద్ర గుద్దాడు.